అడుగున మిగిలిన కండిషనర్

పొద్దున్నుంచీ పూనమ్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. సీసా అడుగున మిగిలిన కండిషనర్‌ను వేలితో తీసి తలుపు బందులకు పూసింది. తర్వాత గొళ్లేనికి, ఆ తర్వాత మంచం కింద దాచిన బ్యాగు జిప్పుకు.

"తలకు పెట్టేది తలుపుకు పెడ్తున్నవేందే?" వాకిట్లోంచి అడిగింది అత్త సుమిత్రాబాయి.

"నా జుట్టుకు పడ్తలేదత్తమ్మా. పారేసుడెందుకని..."

చెబుతూనే తలుపు మళ్లీ తీసి, వేసి చూసింది. కిర్రుమనలేదు. నాందేడ్ మొదటి బస్సు రేపు తెల్లవారకముందే ఉంది. వెళ్తానంటే భర్త ఊరుకోడు. అతనికేమో చీమ చిటుక్కుమన్నా మెలకువ వస్తుంది.

సుమిత్రాబాయి లేచి వచ్చి సీసా లాక్కుంది.

అత్త కింద కూర్చుని కోడలి పాదం పట్టుకుంది. పూనమ్ వెనక్కి తీసుకోబోయినా వదల్లేదు. వేలికి కండిషనర్ రాసి, బిగుసుకుపోయిన మట్టెను మెల్లగా తిప్పుతూ జార్చింది.

"బ్యాగుల బూట్లు జూసిన. మట్టెలతోని ఉరికితె కాలి ఏళ్లు పుండ్లయితయి. రేపు పోలీసు భర్తీల ఉరికొచ్చినంక మల్ల పెట్టుకో."

రెండో పాదం అందుకుంది.

"వాడడిగితె, నేనే తీసిన్నని చెప్త."