ఇద్దరి బరువు

“ఎంత స్పీడులో మొదలవుతుంది?” అని అడిగాడు మెకానిక్, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని.

“ఎనభై దాటాక. హ్యాండిల్ చేతుల్లో నిలవదండీ. హైవే మీద ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వచ్చాను.”

కుర్రవాడికి ముప్పై లోపే ఉంటాయి. మాసిన గడ్డం, నిద్ర లేని కళ్లు. పొద్దున షెడ్డు తీసేసరికే బండి పక్కన నిలబడి ఉన్నాడు. కొన్ని నెలలుగా ఇదే తంతట. ఒకరు టైరు మార్చారు, ఇంకొకరు బేరింగులు మార్చారు, వణుకు మాత్రం పోలేదట. దారిలో బోలెడు షెడ్లు దాటుకుని ఇంత దూరం ఎందుకు వచ్చినట్టని అడిగితే, బండి జబ్బు కనిపెట్టాలంటే మీ తర్వాతే ఎవరైనా అని ఇంట్లో చెప్పారన్నాడు. ఎవరు, ఏమిటని మెకానిక్ ఆరా తీయలేదు. పొగిడే నోటికి అడ్డుపడే అలవాటు ఆయనకు లేదు.

ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపాడు. పట్టుకుని ముందుకూ వెనక్కూ గుంజాడు. హ్యాండిల్ కింద ఎక్కడా లూజు లేదు. చక్రం తిప్పి చూశాడు, రిమ్ము వంకర లేదు. బండి పడిన జాడ కూడా లేదు. ఇంత శుభ్రమైన బండి వణకడమేమిటని ఆయనకు పట్టుదల వచ్చింది. అసలే మొండిమనిషి. ఆ మొండితనం బళ్ల దగ్గర అక్కరకొచ్చినట్టు ఇంట్లో రాలేదు.

తల్లి లేని ఒక్కగానొక్క కూతురు. తనకు నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుంటానంటే, చేసుకో, మళ్లీ ఈ గడప తొక్కకు అన్నాడు. అల్లుడి ఫొటో చూపించబోతే ముఖం తిప్పుకున్నాడు. వెళ్లిపోయాక కూడా ఆ పిల్ల ఫోన్లు చేస్తూనే ఉండేది. ఈయన ఎత్తేవాడు కాదు. మోగినంతసేపూ పక్కనే కూర్చుని చూసేవాడు, అంతే. వానాకాలంలో ఒకరోజు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా అదేపనిగా మోగింది. ఆ తర్వాత ఇక రాలేదు. నా కూతురే కదా, పంతంలో నాకేం తీసిపోతుంది అనుకున్నాడు. ఒక్కసారి ఎత్తి ఉంటే నా సొమ్మేం పోయేదని ఇప్పుడు రోజూ తనను తానే తిట్టుకుంటున్నాడు. వెళ్లి చూసొద్దామని బస్టాండు దాకా పోవడం, అల్లుడు ఎదురుపడితే ఏమని పలకరించాలో తెలియక వెనక్కి రావడం, ఇదీ వరస.

హెల్మెట్ పెట్టుకుని తనే హైవే ఎక్కాడు. ఎనభై దాటగానే హ్యాండిల్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. తిరిగొచ్చి, ఈసారి కుర్రవాణ్ని వెనక కూర్చోమన్నాడు. అదే రోడ్డు, అదే స్పీడు. బండి నల్లేరు మీద నడకలా సాగిపోయింది. షెడ్డుకు వస్తూనే వెనక షాక్ అబ్జార్బర్ల దగ్గర వంగి చూశాడు.

“జబ్బు ముందు లేదు బాబూ, వెనక ఉంది. ఈ స్ప్రింగులు ఇద్దరి బరువుకి బిగించి ఉన్నాయి. నువ్వొక్కడివే ఎక్కితే వెనక భాగం పైకి లేచిపోయి ముందు నిలకడ తప్పుతోంది. వెనక ఎవరు కూర్చునేవారు?”

“మా ఆవిడండీ.”

“మరిప్పుడు?”

కుర్రవాడు నేలచూపులు చూశాడు. మెకానిక్‌కి జవాబుతో పని లేకపోయింది. ఆ గడ్డం చూస్తే తెలియడం లేదూ? మాటా మాటా వచ్చి ఉంటుంది, ఆ అమ్మాయి పుట్టింటికి చేరి ఉంటుంది. లోలోపల నవ్వుకుంటూ, ఒక్కడికి సరిపడా వదులు చేద్దామని స్పానరు అందుకున్నాడు.

కుర్రవాడు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దండీ. అలాగే ఉండనివ్వండి.”

అంటే మనసు విరగలేదన్నమాట. మెకానిక్‌కి ముచ్చటేసింది, ఆ వెనకే తన కూతురు గుర్తొచ్చింది. స్టూలు లాగి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ అమ్మాయి తిరిగొచ్చేదాకా నెమ్మదిగా నడుపుకోమన్నాడు. ఆ మాట మీద మాటగా తన కూతురి సంగతి ఎత్తాడు. ఎత్తని ఫోన్ల దాకా చెప్పుకొచ్చాడు. ముక్కూ మొహం తెలియనివాడి ముందు ఇదంతా ఎందుకు చెబుతున్నాడో ఆయనకే తెలియలేదు. కుర్రవాడి చేతిలో టీ చల్లారిపోయింది.

“నా మాట విను,” అన్నాడు మెకానిక్ చివరికి. “పౌరుషాలకు పోయి నాలా కూర్చోకు. మీ మామగారి ముందుకెళ్లి నిలబడు.”

“ఆయన నా ముఖం చూడరండీ.”

“చూస్తాడయ్యా. నేనూ ఆ బాపతే, నాకు తెలుసు. మా అల్లుడు ఇవాళ ఇక్కడికొచ్చి నిలబడితే పల్లెత్తు మాట అనను. అమ్మాయిని ఎప్పుడు తీసుకొస్తావని మాత్రం అడుగుతాను.”

కుర్రవాడు గ్లాసు కింద పెట్టి లేచాడు. మెకానిక్ మసి చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“తను ఇక లేదు, మామగారూ.”