అచ్చుకెక్కే పొక్కు

“మీ హెర్పిస్ వైరస్ మందుకు లొంగడం లేదు” అంది డాక్టరమ్మ, ల్యాబు రిపోర్టు బల్ల మీద పెడుతూ.

“నేనూ ఏనాడూ మందుకు లొంగలేదండీ. నా పెంపకం అలాంటిది” అన్నాడు హాస్య రచయిత.

ఎవరూ నవ్వలేదు. పెదవి మీద పొక్కు మాత్రం చిట్లింది. రెండు నెలలుగా అతను మాత్రలు మింగుతుంటే, అది మాత్రల్నే మింగేస్తోంది. చిట్లుతుందన్న భయంతో తన జోకులకు తను నవ్వడం మానేశాడు. దాంతో వాటికున్న ఒక్క అభిమానీ పోయాడు.

పూట తప్పకుండా వేసుకున్నాడా అని డాక్టరమ్మ ఆరా తీసింది. తనే దగ్గరుండి మింగించానంది పక్కనే కూర్చున్న భార్య. అయితే చిక్కు వేరే ఉందని డాక్టరమ్మ విడమరిచింది. అతని ఒంట్లో ఉన్నది భార్య ఇచ్చిన కిడ్నీ. ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారు. అదే అదనుగా వైరస్ రాటుదేలింది. ఇక మిగిలింది నరంలోకి ఎక్కించే మందొకటే. అది కిడ్నీని దెబ్బతీయవచ్చు.

“అర్ధాంగి ఇచ్చిన అంగం, దానికి భంగం...” అని అతను మొదలుపెట్టాడు.

“కాస్త ఊరుకోండి” అంది భార్య. “జాగ్రత్తమ్మా. ఇంకోటి ఇద్దామంటే నాకూ ఉన్నది ఒక్కటే.”



ఇది అరుదైన కేసు కాబట్టి వైద్యపత్రికకు రాస్తానంటూ డాక్టరమ్మ సంతకం అడిగింది. అతని ప్రాణం లేచొచ్చింది. అతని కథలూ ఆ పొక్కు లాంటివే, ఎన్నిసార్లు పంపినా తిరిగొచ్చేవి. ఎడిటర్లందరిదీ ఒకటే చీటీ: ‘కొత్తదనం లేదు.’ ఇన్నాళ్లకు అచ్చు! పేరు ఎక్కడ వేస్తారని అడిగాడు. పేరు వేయరనీ, ‘యాభై రెండేళ్ల పురుషుడు’ అని రాసి పెదవి ఫొటో ఒక్కటే పెడతారనీ చెప్పింది. ఎలాగూ తనను జనం గుర్తుపట్టేది నోటిని బట్టేనని సరిపెట్టుకుని, సంతకం కింద ‘హాస్య రచయిత’ అని కూడా రాశాడు.

మూడు వారాలు సెలైన్ స్టాండుకు కట్టేసినట్టు పడుకున్నాడు. రోజూ రక్తపరీక్ష, రోజూ భార్యకు గుండెదడ. చివరికి పొక్కు ఎండి రాలింది. కిడ్నీ నిలిచింది. భార్య డాక్టరమ్మకు చేతులెత్తి దండం పెట్టింది.

పత్రిక ఎప్పుడొస్తుందని అడిగాడతను.

డాక్టరమ్మ ఇబ్బందిగా ఫోను వాళ్లవైపు తిప్పింది. పత్రిక వాళ్ల జవాబు రెండే ముక్కలు: ‘కొత్తదనం లేదు.’

భార్య రెండుసార్లు చదివింది.

“పేరు వేయరన్నారు కదమ్మా, మరి ఇది ఈయనదేనని వాళ్లకెలా తెలిసింది?”