నడుం పట్టేసిన హీరో

"ఇదేం సినిమా బాబాయ్? లోకాన్ని కాపాడాల్సినవాడు రెండున్నర గంటలు సణుగుతూ కూర్చున్నాడు."

సినిమా చూసొచ్చి, ఆఫీసు తలుపు తీస్తూనే అమ్మాయి విసుక్కుంది. తండ్రి తర్వాత ఆ సంస్థ ఆమె చేతికొచ్చింది. దాంతోపాటు బాబాయ్ కూడా వచ్చాడు. ఇరవై రెండేళ్లుగా ముసుగు వేసుకుని, వీపున ఎర్రగుడ్డ కట్టుకుని, పిలిచిన చోటికల్లా వెళ్తున్న మనిషి. నెలాఖరుకి ఆయన్ని మాన్పించి కుర్రాణ్ణి పెట్టుకోవాలని ఆమె నిశ్చయించుకుంది. చెప్పడానికే నోరు రావడం లేదు.

ఫిర్యాదులు మాత్రం కుప్పలుగా ఉన్నాయి. ఎగరమంటే నడుం చూపిస్తున్నాడు. నవ్వమంటే గడియారం చూస్తున్నాడు. పోయిన వారం ఎవరో వెక్కివెక్కి ఏడుస్తుంటే, ఓదార్చాల్సింది పోయి, "నాకూ ఏడవాలనే ఉంది" అన్నాడట.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ విసుగంతా ఆమె సినిమా మీద వెళ్లగక్కింది. హీరో అన్నాక అంత చిరాకేమిటి, ఆ పొట్టేమిటి అంది.

బాబాయ్‌కి రోషం వచ్చింది. మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"నీకేం తెలుసు అమ్మడూ. చెవి పక్కన ఢామ్మని పేలుతున్నా ఉలిక్కిపడకూడదు. మంట ఆరేదాకా పక్కనుంచి కదలకూడదు. పదిమంది మీదపడి వీపున గుడ్డ లాగుతారు. ఒకడు కొరుకుతాడు కూడా. ముసుగులో ఉక్క. అందరూ తిని వెళ్లిపోయినా, నువ్వు మంచినీళ్లైనా తాగావా అని అడిగే దిక్కుండదు. ఇన్నేళ్లు అలా చేసినవాడు సణక్క పాటలు పాడతాడా? ఆ సినిమా తీసినవాడెవడో గానీ, మా బాధ తెలిసినవాడు."

అమ్మాయి తల దించుకుంది. చిన్నప్పుడు ఆ ఎర్రగుడ్డ పట్టుకుని తిరిగిందే ఆమె కూడా.

అంతలో ఫోన్ మోగింది. అవతలివాళ్లు చెప్పింది విని, బాబాయ్ వంక వింతగా చూసింది.

"ఆ సినిమాలో హీరోలాంటివాడే కావాలట. నవ్వకూడదట. కుర్రాడైతే అసలొద్దంటున్నారు."

బాబాయ్ సణుక్కుంటూనే ముసుగు అందుకున్నాడు.

ఆ సాయంత్రం ఐదు కొవ్వొత్తులూ ఊదేసిన పాప, కేకు మొదటి ముక్కను అమ్మకి కాకుండా, బుడగల కింద నడుం పట్టుకుని మూలుగుతున్న బాబాయ్ నోట్లో పెట్టి, "నా పుట్టినరోజుకి నిజం హీరో వచ్చాడు" అని ఫ్రెండ్సందరికీ చెప్పింది.