వదిలేసిన పునీతులు

ఒంటరిగా ఉండే విశ్రాంతమ్మ తన ఇంట్లో నాకొక గది ఇచ్చింది. కిరాయి లేదు. తనకు చూపు ఆనదట, సాయంత్రాలు ప్రార్థనల పుస్తకం చదివి వినిపిస్తే చాలంది. నా టీచరు జీతానికి సారపాకలో మరో గది దొరకదు. అయినా ఆమెకు నేనే కళ్లనని లోలోపల గర్వం. కాన్వెంటు ఉచ్చారణతో చదివేదాన్ని. ఆకలేసిన రోజు మాత్రం ప్రార్థనలో వరుసగా పిలవాల్సిన పునీతుల పేర్లలో సగం వదిలేసేదాన్ని.

శనివారం ఒంటిపూట బడి. పెందలాడే ఇంటికొస్తే, ఆమె వరండాలో సూదిలో దారం ఎక్కిస్తోంది. కళ్లద్దాలు లేవు. ఒక్కసారికే ఎక్కింది.

ఇక ఈ ఇంట్లో నా అవసరమేముంది? నా గది పోయినట్టే.

"మీకు... కనిపిస్తోందా?"

"అవ్ బిడ్డా. నువ్వు రాకముందే ఆపరేషనయింది."

"మరి నేను చదవడం దేనికి?"

"వచ్చిననాడు నీ నోట్లకెల్లి మాటే రాకపాయె. గిట్లయితే పిల్లలకేం పాఠం చెప్తవ్? గందుకే చదివిపిచ్చిన."

సామాను సర్దుకోవాలా అని అడగబోయాను.

విశ్రాంతమ్మ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యాల జల్దీ వచ్చినవ్ గదా. ఇన్నొద్దులు వదిలేసిన పునీతులను గూడ పిలువు."