మూడో డిస్కు

"ఇయ్యాళ శుక్రవారం. దీపం పెట్టిన ఇంట్లోంచి వస్తువు బయటికి ఇచ్చేది లేదయ్యా" అంటూ చెంచమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది.

నరేంద్రబాబు ఆమె కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మైపాడు రోడ్డులో ఆయనకి రొయ్యల పరీక్షల ల్యాబు ఉంది. చెంచమ్మ కోడలు రేవతి అందులో కంప్యూటర్ పని చూస్తుంది. పొద్దున చూస్తే సర్వర్‌లో ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఏడాదిగా చుట్టుపక్కల గుంటలన్నిటికీ చేసిన పరీక్షల రికార్డు అందులోనే ఉంది. సోమవారం ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారు. రికార్డు చూపించలేకపోతే ల్యాబుకి తాళమే.

ఇట్లాంటి రోజు కోసమే నెల్లూరు కంప్యూటర్ ఇంజనీరు బెన్హర్ మూడు డిస్కులు కొనిపించినాడు. సర్వర్‌లోకి తోసి, రికార్డు కాపీ అయినాక ఊడదీసి దాచిపెట్టుకునే రకం. రెండు ఆఫీసు బీరువాలో ఉంటాయి, ఒకటి రేవతి ఇంట్లో. సోమవారం సోమవారం కొత్తగా కాపీ చేసినదాన్ని ఇంటికి పంపి, అక్కడిది బీరువాలోకి తెస్తారు. ఆఫీసు మునిగినా, కాలినా ఒక్కటన్నా బయట బతికుండాలని ఆయన ఆలోచన.

నరేంద్రబాబుకి ఓపిక తక్కువ. బెన్హర్ శనివారానికి గానీ రాలేడని తెలియగానే బీరువా తెరిచి మొదటి డిస్కు తానే తగిలించినాడు. పది నిమిషాల్లో దాంట్లో ఫైళ్లూ తెరుచుకోకుండా పోయినాయి. రెండోదీ అంతే. సముద్రం పక్కన ఉప్పుగాలికి చెడిపోయినాయని డిస్కుల్ని తిట్టి, మూడోదాని కోసం రేవతిని కారెక్కమన్నాడు. బ్యాగు తెచ్చుకుంటానని లోపలికి పోయి ఆలస్యం చేసిందని ఆమెనీ తిట్టినాడు. డిస్కు చేతికి రాకపోతే రేపట్నించి పనికి రానక్కర్లేదని దారిలోనే చెప్పేసినాడు.

వాకిట్లో కట్టిపెట్టిన ఎండుచేపల గంపల్ని తప్పించుకుంటూ ఆయన గడప దగ్గరికి వచ్చినాడు. అదేమన్నా బంగారమా అమ్మా, ఇనప డబ్బా గదా అన్నాడు.

"మీ ల్యాబు ఆస్తంతా దాంట్లోనే ఉందని మా కోడలే చెప్పింది. ఆస్తంటే లక్ష్మి కాదా? అందుకే పటం ముందర పెట్టి బొట్టు పెట్టినా. శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తారా ఎవురన్నా? మీ ఇంట్లో దాటిస్తారా?"

నరేంద్రబాబు గడప దగ్గర్నించి ఒక అడుగు వెనక్కి వేసినాడు. శుక్రవారం ఆయన ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి పోదని ఊరంతా ఎరుగుదురు.

"అత్తా, నా ఉద్యోగం పోతాది" అంది రేవతి.

పోతే ఇంకోటి వస్తాది, పోయిన లక్ష్మి రాదు అని చెంచమ్మ లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. మరి మజ్జిగ ఇవ్వొచ్చా అని ఆయన ఎత్తిపొడిస్తే, ఇంట్లో కూర్చోని తాగితే ఇచ్చినట్టు కాదంది. బయట ఎండ మండిపోతోంది. ఆయన లోపల కూర్చోని తాగి వెళ్లిపోయినాడు.

శనివారం పొద్దున బెన్హర్ వచ్చి సర్వర్ ముందు కూర్చున్నాడు. ఉప్పుగాలి తప్పేం లేదు, ఇందులో దొంగ ప్రోగ్రాం ఒకటి దూరింది, ఏ డిస్కు తగిలిస్తే దాన్ని తినేస్తుంది అన్నాడు. బీరువాలో రెండు డిస్కులూ అట్లా పోయినవే.

"మూడోది కూడా తగిలించినారా?"

"లేదు" అన్నాడు నరేంద్రబాబు సన్నగా. "నిన్న శుక్రవారం గదా."

బెన్హర్ సర్వర్ మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించి, అప్పుడు రేవతి పొద్దున ఇంటినించి తెచ్చిన మూడో డిస్కు లోపలికి తోసినాడు. బొట్టు ఇంకా దాని మీదే ఉంది. మధ్యాహ్నానికల్లా మొన్న సోమవారం దాకా రికార్డంతా తెర మీదికి వచ్చేసింది. మిగతా మూడు రోజులవీ కాగితాల మీద ఉన్నాయి, అవి ఎక్కించడం రేవతికి ఒక పూట పని.

నరేంద్రబాబు కళ్లు తుడుచుకున్నాడు. అంతా ఆ తల్లి దయ అన్నాడు. ఆ తల్లి లక్ష్మో చెంచమ్మో ఎవరూ అడగలేదు. పళ్లూ చీరా తీసుకోని తానే చెంచమ్మ ఇంటికి బయల్దేరినాడు. పోయేముందు సర్వర్ గది తలుపుకి కాగితం ఒకటి అంటించినాడు: శుక్రవారం డిస్కులు ముట్టరాదు.

బెన్హర్ ఆ కాగితం రెండుసార్లు చదివి రేవతి వైపు తిరిగినాడు. "నిన్న ఫోన్‌లో నీకు చెప్పినా గదమ్మా, నేను వచ్చేదాకా ఏ డిస్కూ తగిలించొద్దని. మీ సార్‌కి చెప్పలేదా?"

"చెప్పినా సార్, రెండుసార్లు. నీకేం తెలుసు అన్నారు. బ్యాగు కోసం పోయినప్పుడు మా అత్తకి ఫోన్ చేసినా" అంది రేవతి. "మా ఇంట్లో ఆ పట్టింపే లేదు సార్, మా అత్త గంపెత్తుకోని సంతకి పోయేదే శుక్రవారం. మీ సారు మనుషుల మాట వినకపోతే శుక్రవారం మాట వింటాడులే అనింది."