లీటరుకు ఎంతిస్తాది?

"లీటరుకు ఎంతిస్తాది?"

సామ్యేలు సారు అడిగిన మొదటి మాట అదే.

1982 ఎండాకాలం. నంద్యాలలో మద్దిలేటి మెకానిక్ షెడ్డు ముందు మూడు పాత బండ్లు అమ్మకానికి ఉన్నాయి. ఒక జీపు, ఒక అంబాసిడర్, ఒక చిన్న ఫియట్. సామ్యేలు ఆళ్లగడ్డలో టీచరు. దొర్నిపాడులో ఉన్న రెండెకరాలు అమ్మి కారు కొనడానికి వచ్చాడు. వెంట భార్య కృపావతి. ఆమె చేతిలో ఫొటో.

మద్దిలేటి బండ్ల సంగతి చెప్పబోయేలోపే ఆమె ఫొటో అతని ముందు పెట్టింది.

"మా పాప లూదియా, అన్నా. అప్పుటికి ఎనిమిదేండ్లు. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉంటాది. తప్పిపోయింది. నీకాడికి యాడాడి బండ్లో వస్తాంటాయి గదా, యాడన్నా చూసినావా?"

మద్దిలేటికి ఇద్దరు ఆడపిల్లలు. ఫొటోను చాలాసేపు చూశాడు. లేదన్నట్టు తల ఊపాడు.

మూడేళ్లుగా బస్సుల్లో వెతుకుతున్నారట. బస్సు పోయే ఊళ్లన్నీ అయిపోయాయి. ఇక బస్సు పోని ఊళ్లు మిగిలాయి. బాడుగ కార్లకు సారు జీతం చాలడం లేదు.

"అట్లయితే జీపు తీసుకోండి సార్. మట్టి దోవలకు అదే మేలు. వాగులో దించినా పోతాది."

"పెట్రోలు?"

"జాస్తి తాగుతాది. అయినా బిడ్డ కంటే ఎక్కువా సార్?"

సారు ఫియట్ వైపు నడిచాడు.

"ఇది?"

"లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తాది. ఇంజను నేనే చేసినా. గుంతల్లో మాత్రం అడుగు తగుల్తాది."

"ఎన్నేండ్లు నడుస్తాది?"

"ఎన్నేండ్లేంది సార్? పాప దొరుకుతానే అమ్మేద్దురు. నేనే కొంటా."

"పదేండ్లు నడవాల, మద్దిలేటీ."

కృపావతి అప్పటికే రోడ్డు మీద ఒక లారీ డ్రైవరుకు ఫొటో చూపిస్తోంది. ఆ మాట ఆమెకు వినపడలేదు. విన్న మద్దిలేటికి మాత్రం ఒళ్లు మండింది. బిడ్డ తప్పిపోయిన తండ్రి మాట్లాడే మాటేనా?

ఫియట్టే కొన్నాడు. డ్రైవింగ్ మద్దిలేటే నేర్పాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే మొగుడూ పెళ్లాం బయలుదేరేవాళ్లు.

ఒక ఆదివారం, ఇంజనులో ఏదో చప్పుడు వస్తోందంటే, మద్దిలేటి కూడా వాళ్లతో వెళ్లాడు. ఊరు రాగానే కృపావతి దిగేది. ఇంటింటికీ పోయి ఫొటో చూపేది. వీధిలో ఆడుకునే పిల్లల గడ్డాలు పట్టుకుని, ముఖాలు పైకెత్తి చూసేది. సారు కారు దిగేవాడు కాదు. స్టీరింగు పట్టుకుని ఎదుటి గోడను చూస్తూ కూర్చునేవాడు.

"పోలీసులకు చెప్పినారా సార్?"

"లేదు."

"ఏం?"

గోడ మీంచి చూపు తిప్పకుండానే సారు, "ఇట్ల ఊర్లు తిరిగిన పొద్దు కృపావతి కడుపునిండా అన్నం తింటాది," అన్నాడు.

నాలుగో ఊరి నుంచి వచ్చి ఆమె వెనక సీట్లో కూలబడింది. కాళ్లకు మోకాళ్లదాకా దుమ్ము.

"ఈడ లేదు. వచ్చే ఆదివారం మిడుతూరు పక్క పోదామా?"

"పోదాం," అన్నాడు సారు.

కానీ మిడుతూరు పక్క ఒక పల్లెకు ముందుగా మద్దిలేటే పోవాల్సి వచ్చింది, ఒక రైతు ట్రాక్టరు బాగుచేయడానికి. ఆ పక్కింట్లో కసువు ఊడుస్తున్న పిల్లను చూసి అతని చేతిలోని స్పానరు జారిపోయింది. పదకొండేళ్లుంటాయి. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. మూడేళ్ల కిందట బస్టాండులో ఏడుస్తుంటే తెచ్చి సాకుతున్నామని ఆ ఇంటి ముసలమ్మ చెప్పింది.

ట్రాక్టరును అట్లాగే వదిలేసి, రోడ్డు దాకా నడిచి బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ చేరాడు. బడి దాకా పరుగెత్తాడు. సారును వరండాలోకి పిలిచి, ఆయాసపడుతూనే సంగతంతా చెప్పాడు.

సామ్యేలు గోడకు ఆనుకున్నాడు. చేతిలోని సుద్దముక్క విరిగింది.

"కృపావతికి చెప్పినావా?"

"లేదు సార్. నేరుగా ఈడికే వస్తాండా."

"చెప్పొద్దు."

"ఏందీ?"

"చెప్పొద్దప్పా. నీ కాళ్లు పట్టుకుంటా."

మద్దిలేటికి ఇక పట్టలేదు. మర్యాద మరిచిపోయాడు.

"నువ్వేం తండ్రివి సార్? పోలీసులకు చెప్పవు. కారు దిగవు. లీటరుకు ఎంతిస్తాదని మాత్రం అడుగుతావు! ఆయమ్మ ఊరూరా ఏడుస్తా తిరుగుతాంటే నీకు పెట్రోలు ముఖ్యమా? పా, బేగా పా. కారు తీయి. నీ బిడ్డను చూపిస్తా."

లోపల పిల్లలు చదవడం ఆపేశారు. సారు తలుపు దగ్గరికి వేశాడు. వెనక్కి తిరిగేసరికి ఆయన కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"ఆ పాప బాగుందా?"

"బాగుంది."

"అయితే నువ్వే పోయి పోలీసులకు చెప్పు. ఆ పాపను కన్నోళ్లు యాడ ఎతుకుతాండారో."

"కన్నోడివి నువ్వే గదా! చూడకుండానే నీ బిడ్డ కాదని యెట్ల చెప్తావు?"

సారు మద్దిలేటి భుజం పట్టుకుని నిలబడ్డాడు. చాలా మెల్లగా అన్నాడు:

"మా లూదియా మూడేండ్ల కిందట జొరంతో పోయింది మద్దిలేటీ, కడసారి తలకు పోసి, జడేసి, పెట్టెలో పండబెట్టింది మా కృపావతే."