మణికట్టు

"అదిగో, బజార్లో సేపలమ్మే అప్పలమ్మ. సెయ్యి కలుపు. మొకం అలా ఎట్టకు," అన్నాడు విక్టర్ గొంతు తగ్గించి.

లూథరన్ చర్చి గుమ్మానికి 'అందరికీ స్వాగతం' అని కొత్త బ్యానరు కట్టారు. దాని కింద సంఘ పెద్ద విక్టర్, అతని భార్య రూబీ నిలబడ్డారు. వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలిపి వందనాలు చెప్పడం వాళ్ళ పని. పోయిన ఆదివారం అప్పలమ్మకి చెయ్యిచ్చాక, ఆరాధన అయ్యేదాకా రూబీకి డోకు వస్తూనే ఉంది.

రూబీ ఊపిరి బిగబట్టి, నవ్వు తెచ్చుకుని చెయ్యి చాచింది. అప్పలమ్మ గుప్పిట మూసి, మణికట్టు ముందుకు పెట్టింది.

"ఏటమ్మా, సెయ్యివ్వవా?" అంది రూబీ.

"ఒద్దమ్మా. పోయినారం నాను లోపలికెళ్ళాక మీరు కుళాయి కాడ సబ్బెట్టి రుద్దుకోడం సూసినాను. మంచి పట్టుసీర తడిసిపోనాది. నిమ్మసెక్క రాసుకొచ్చినాను గానీ ఈ కంపు ఒదల్నేదు. ఇక్కడ పట్టుకోండి, ఇక్కడ వాసనుండదు."

ఆ గొంతులో నిష్ఠూరమన్నదే లేదు. రూబీ ఆ మణికట్టు పట్టుకుంది. అప్పలమ్మ సంబరంగా లోపలికి వెళ్ళి, వెనక చాప మీద కూర్చుంది.

విక్టర్ భార్య చెవి దగ్గరికి వంగి నవ్వాడు. "బతికించింది! ఇంక నీకు సబ్బు పని తప్పినట్టే."

రూబీకి నవ్వు రాలేదు. మొగుడు నోరు తెరవకముందే, సరిగ్గా ఆ మాటే తనూ అనుకుంది.